యాభై ఆకుల పాట: అమ్మ పాటలు, కదిలే బొమ్మలు

మా అమ్మ పాడిన పిల్లల పాటల్లో మూడింటికి ఇప్పుడు కదిలే బొమ్మలు వచ్చాయి. రెండింటిని పట్నంలోని ఒక స్టూడియో వాళ్ళు కంప్యూటర్ మీద తయారు చేశారు. మూడోదాన్ని మా బడి పిల్లలు ఒక సెల్‌ఫోన్‌తో చేశారు. మూడూ కలిపినా పది నిమిషాలు ఉండవు. అయినా వాటి గురించి వివరంగా మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఇప్పుడు మన ఊళ్ళలో చాలామంది యువకులు తమ తల్లుల, అవ్వల, తాతల పాటలను ఫోన్లలో ఎక్కిస్తున్నారు. కొందరు వాటికి బొమ్మలు జతచేసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. ఇది మంచి పని. అయితే ప్రతి బొమ్మా పాటను బతికించదు. కొన్ని బొమ్మలు పాటను చూపిస్తాయి, కొన్ని పాటను కప్పేస్తాయి. ఈ తేడా ఎక్కడ వస్తుందో మా చేతిలో ఉన్న మూడు పాటలతోనే చూద్దాం.

మేము నలుగురం తోబుట్టువులం. ఇద్దరం డి.ఎడ్. చదివి ఏజెన్సీ బడుల్లో పనిచేస్తున్నాం. మాది శబరి ఒడ్డున ఉన్న గొమ్ము కోయల ఊరు. పోలవరం ముంపులో పోయే ఊళ్ళలో అదీ ఒకటి. అమ్మ బడికి పోలేదు. ఆమె పాటల్లో కొన్ని వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నవి, కొన్ని తానే కట్టుకున్నవి. ఆమె చనిపోక ముందు రెండేళ్ళలో మా చిన్న తమ్ముడు 14 పాటలను తన ఫోన్లో ఎక్కించాడు. అన్నీ కోయ భాషలోనే. కూర్చోబెట్టి అడిగి పాడించినవి కావు. పని చేసుకుంటూ పాడుతున్నప్పుడు పక్కన ఫోను పెట్టి తీసుకున్నవి. అందుకే వాటిలో రోకటి పోటు వినిపిస్తుంది, కోడి కూత వినిపిస్తుంది. ఒక పాట మధ్యలో ఆపి మేకను అదిలించడం కూడా ఉంది.

చనిపోయిన తల్లి పాటకు ఎవరైనా బొమ్మ కడితే ముందు కళ్ళు చెమరుస్తాయి. మా ఇంట్లోనూ అదే జరిగింది. కానీ తడి కళ్ళతో చూస్తే బొమ్మ సరిగా కనిపించదు. అందుకని కొన్ని రోజులు ఆగి మళ్ళీ చూశాం. మా పెద్దమ్మకు చూపించాం. బడి పిల్లలకు చూపించాం. ఎవరు ఎక్కడ నవ్వారో, ఎవరు ఎక్కడ ముఖం తిప్పుకున్నారో గమనించాం. ఇక్కడ రాస్తున్నది అలా చూసిన తర్వాత తోచిన మాటలు.

పాటకూ బొమ్మకూ పాత స్నేహమే

పాటకు బొమ్మ చేర్చడం ఫోన్లతో వచ్చిన కొత్త సంగతి అని కొందరు అనుకుంటున్నారు. కోయలకు ఇది కొత్త కాదు. మా డోలీలు పండగలకు, జాతరలకు పడిగె విప్పుతారు. పొడవాటి గుడ్డ మీద వేల్పుల, వీరుల బొమ్మలు ఉంటాయి. డోలి వాయిస్తూ ఆ కథలు పాడతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు అలాంటి డోలి గాయకుడే. పడిగె మీద బొమ్మ కదలదు. కదిలేది పాట. పాట ఒక బొమ్మ దగ్గరికి వచ్చి ఆగితే చూసేవాడి కన్ను కూడా అక్కడే ఆగుతుంది. పాట ముందుకు పోతే కన్నూ ముందుకు పోతుంది. అంటే అక్కడ బొమ్మ పాట వెనుక నడుస్తుంది.

గోండుల వైపు చూస్తే మరో సంగతి ఉంది. మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్‌కు చెందిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పర్ధాన్ కుటుంబంలో పుట్టాడు. పర్ధాన్లు గోండుల ఇళ్ళకు వెళ్ళి బానా వాయిస్తూ వంశాల కథలు, దేవతల కథలు పాడేవాళ్ళు. జన్‌గఢ్ ఆ దేవతలను, ఆ చెట్లను, ఆ జంతువులను చుక్కలతో, గీతలతో కాగితం మీదికి తెచ్చాడు. పాటగాళ్ళ ఇంట్లో పుట్టినవాడు పాటలో ఉన్నవాళ్ళకు రూపం ఇచ్చాడు. 2001లో ఆయన చనిపోయాడు. ఆయన తర్వాత ఆ ఊరి నుంచి ఎందరో చిత్రకారులు వచ్చారు.

ఈ రెండు ఉదాహరణలు ఎందుకు చెబుతున్నామంటే, బొమ్మ గీసే చేయి పాటను ముందు విని ఉండాలి. డోలి విన్నాడు. జన్‌గఢ్ విన్నాడు. మా అమ్మ పాటలకు బొమ్మలు గీసినవాళ్ళు ఎంతవరకు విన్నారన్నదే మా ప్రశ్న.

ఎలుగు నవ్వకూడదు

మొదటిది ఇప్పపువ్వు పాట. ఇప్పపువ్వు ఎలా ఏరతారో మన పిల్లలకు చెప్పనక్కర లేదు. అయినా బొమ్మలు గీసేవాళ్ళ కోసం చెప్పాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పువ్వు రాత్రంతా రాలి తెల్లవారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటుంది. ముందుగానే చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి, కాల్చి, నేల శుభ్రం చేసి పెట్టుకుంటారు. కోడికూతకు లేచి, బుట్ట తీసుకుని, పిల్లలను వెంటబెట్టుకుని పోతారు. ఆ చీకట్లో ఆ పువ్వు కోసం వచ్చేది మనుషులు ఒక్కరే కాదు. ఎలుగుబంటి కూడా వస్తుంది. దానికి ఇప్పపువ్వంటే ప్రాణం. అది తల వంచుకుని తింటూ ఉండగా మనిషి చప్పుడు లేకుండా దగ్గరికి పోతే ఉలిక్కిపడి మీద పడుతుంది. అందుకే దారి పొడవునా గట్టిగా మాట్లాడుకుంటూ పోతారు. పిల్లలుంటే పాట పాడుకుంటూ పోతారు.

అమ్మ పాట అలాంటి పాట. మేము వస్తున్నాం, నువ్వు తిన్నది చాలు, మా పిల్లల వాటా వదిలి గుట్ట ఎక్కు అని ఎలుగును బంధువును పిలిచినట్టు పిలుస్తుంది. ప్రతి చరణం చివర ఒక కేక ఉంటుంది. పిల్లలంతా కలిసి వేయాల్సిన కేక అది. ఈ పాటకు రెండు పనులు. చీకట్లో నడిచే పిల్లల భయం పోగొట్టడం ఒకటి. ఎలుగుకు ముందుగా కబురు పెట్టడం రెండోది.

స్టూడియో వాళ్ళ బొమ్మలో మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తూ ఉంటుంది. ఆకాశం నీలం, గడ్డి పచ్చన. చెట్టు నుంచి మందారంలాంటి ఎర్రటి పువ్వులు రాలుతూ ఉంటాయి. ఇప్పపువ్వు పాలిపోయిన పసుపు తెలుపు రంగులో, చిన్న బుడ్డిలా, గుజ్జుగా ఉంటుంది. దాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకున్నవాళ్ళు ఎర్ర రంగు వేయరు. గుడిసె గోడల మీద తెల్లటి వార్లీ బొమ్మలు వేశారు. వార్లీలు మహారాష్ట్ర వైపు ఆదివాసులు. వాళ్ళ బొమ్మ గొప్పది, కానీ అది వాళ్ళ గోడ. ఆదివాసీ అనగానే వార్లీ బొమ్మ అతికించడం ఇప్పుడు ఒక అలవాటైపోయింది. బస్టాండు గోడకూ అదే, పుస్తకం అట్టకూ అదే, కోయ ఇంటికీ అదే.

ఇవన్నీ దిద్దుకోగల తప్పులు. పువ్వు రంగు మార్చవచ్చు, గోడ చెరిపేయవచ్చు. అసలు తప్పు ఎలుగుబంటి దగ్గర ఉంది. ఆ బొమ్మలో ఎలుగు రెండు కాళ్ళ మీద నిలబడి నవ్వుతూ పిల్లలతో చేతులు కలిపి చిందేస్తుంది. మా పెద్దమ్మ అది చూసి ఒకే మాట అంది: "ఎలుగు నవ్విందని దగ్గరికి పోయిన పిల్లోడు ఇంటికి తిరిగొస్తాడా?" మాకు అంతకంటే మంచి విమర్శ దొరకదు. పాట ఎలుగును దూరం పొమ్మంటోంది. బొమ్మ దాన్ని దగ్గరికి రమ్మంటోంది. పాట పిల్లలకు జాగ్రత్త నేర్పుతోంది. బొమ్మ ఆ జాగ్రత్తను చెరిపేస్తోంది. మాటలు అవే, రాగం అదే, కానీ పాట చేసే పని తలకిందులైంది.

పిల్లల బొమ్మల్లో జంతువులు నవ్వాలి కదా, భయపెట్టకూడదు కదా అని ఒక వాదన ఉంది. మేము భయపెట్టమనడం లేదు. అమ్మ పాట కూడా భయపెట్టదు. ఎలుగును తిట్టదు, చంపమనదు. దానికీ ఆకలి ఉందని ఒప్పుకుంటుంది. దాని వాటా దానిది, మన వాటా మనది, మధ్యలో కొంచెం దూరం ఉండాలి అంటుంది. అడవిలో బతకడానికి కావలసిన మర్యాద అదే. నవ్వే ఎలుగు కంటే, గుట్ట మీద నల్లటి నీడలా ఆగి, కేక విని, తల తిప్పి మెల్లగా వెళ్ళిపోయే ఎలుగు పిల్లలకు ఎక్కువ గుర్తుండేది. ఆ నీడ గీయడానికి ఖర్చు కూడా తక్కువే.

ఇరవై ఆకుల కట్టను ఎవరు కొంటారు?

రెండోది తునికాకు పాట. వేసవిలో ఆకు కోసుకొచ్చి సాయంత్రం పూట కట్టలు కడతారు. కట్టకు 50 ఆకులు. ఇంటిల్లిపాదీ కూర్చుని కడతారు, పిల్లలు కూడా లెక్కపెడతారు. పొద్దుటి నుంచి ఎండలో తిరిగిన పిల్లలకు లెక్క తప్పుతుంది. ఆకు తగ్గితే కల్లేదారు కట్టను పక్కన పడేస్తాడు. అందుకని అమ్మ ఈ పాట కట్టింది. ఇది ఆమె సొంత పాటే అని ఆమె చెప్పిన వాటిలో ఒకటి.

పాట పొందిక ఇలా ఉంటుంది. ఒక చరణానికి అయిదు ఆకులు. మొత్తం పది చరణాలు. పాట పూర్తయితే కట్ట పూర్తయినట్టు. ప్రతి చరణంలో ఆ అయిదు ఆకులు ఎక్కడ కోసినవో చెబుతుంది. వాగు రేవు దగ్గరవి అయిదు, చింతల గట్టు మీదవి అయిదు, పాత ఊరి దిబ్బ మీదవి అయిదు, వేల్పు చెట్టు అవతలవి అయిదు. ఇలా పది చోట్లు. పాట పాడుతూ కట్ట కట్టిన పిల్లకు లెక్కా వస్తుంది, ఊరి చుట్టూ ఏ దిక్కున ఏముందో కూడా వస్తుంది. బడిలో అయిదో ఎక్కం ఒక పూట, పటం గీయడం ఒక పూట చెప్పే మాకు, రెండూ ఒకే పాటలో పట్టుకొచ్చిన అమ్మను చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈ బొమ్మలో మెచ్చుకోవలసింది ఉంది. చేతులు చాలా బాగా గీశారు. ఆకు మీద ఆకు పేర్చే తీరు, నారతో చుట్టి పళ్ళతో పట్టి లాగే తీరు చూడగానే మాకు అమ్మ చేతులే కనిపించాయి. ఎవరో గీసే ముందు కట్ట కట్టడం దగ్గర కూర్చుని చూశారని తెలుస్తోంది. రంగులు కూడా కళ్ళను కొట్టవు. మా బడిలో రెండో తరగతి పిల్ల ఒకతి బడిలో కోయ మాట్లాడదు, ఇంట్లోనే మాట్లాడుతుంది. ఈ బొమ్మ చూసిన మర్నాడు మధ్యాహ్న భోజనం వరసలో నిలబడి ఆ పాట సన్నగా పాడుకుంటోంది. ఒక బొమ్మ చేయగల గొప్ప పని అది. దాన్ని తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు.

కానీ స్టూడియో వాళ్ళు పాటను కోశారు. రెండు నిమిషాలు దాటితే పిల్లలు చూడరని పది చరణాల్లో నాలుగే ఉంచారు. నాలుగు చరణాలంటే 20 ఆకులు. ఇరవై ఆకులకే బొమ్మలోని అమ్మ నార బిగించి కట్ట పక్కన పెడుతుంది. అది చూసి మా నాలుగో తరగతి పిల్లలు పెద్దగా నవ్వారు. "సార్, ఆ కట్ట ఎవరూ కొనరు" అన్నారు. తెర మీద ఒకటి, రెండు, మూడు అంటూ పెద్ద పెద్ద అంకెలు ఎగురుతూ ఉంటాయి. అంకెలు ఎగరడం వల్ల లెక్క రాదు. కట్ట నిండడం చూస్తే వస్తుంది.

అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. పోయిన ఆరు చరణాలతో ఆరు చోట్లు పోయాయి. వేల్పు చెట్టు పోయింది. పాత ఊరి దిబ్బ పోయింది. మామూలు ఊరికైతే ఇది చిన్న విషయం. చరణం పోయినా చోటు ఉంటుంది కదా, వెళ్ళి చూసుకోవచ్చు. మా ఊరి సంగతి వేరు. 2014లో ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన నాటి నుంచి మా ఊళ్ళు లేచిపోవలసిన ఊళ్ళే. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు అని కాగితాల్లో ఉంది. ఆ నీరు ఎక్కడిదాకా వస్తుందో గోడల మీద గీతలు గీసి చూపించారు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఆ గీతలు ఎలా ఉంటాయో కళ్ళారా చూశాం. పునరావాస కాలనీలో ఇల్లు ఇస్తారు, నంబరు ఇస్తారు. చింతల గట్టును ఎవరూ తెచ్చి అక్కడ పెట్టరు. కాలనీలో పుట్టే పిల్లకు ఆ పది చోట్లు తెలిసే దారి ఈ పాట ఒక్కటే. అందుకే చరణం కోయడం మాకు ఊరిని కోయడంలా అనిపించింది.

దీని గురించి స్టూడియో వాళ్ళకు చెప్పాం. రెండు నిమిషాల హద్దు తాము పెట్టింది కాదని, డబ్బు ఇచ్చినవాళ్ళు పెట్టిందని అన్నారు. కావచ్చు. అయితే హద్దు ఎవరు పెట్టినా ఒకటి మాత్రం అడగాలి. రెండు నిమిషాల్లో పట్టే పాటలు అమ్మవి ఇంకా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని తీసుకోవచ్చు. పెద్ద పాటను కోసి చిన్నది చేయడం కంటే చిన్న పాటను నిండుగా చూపించడం మేలు.

నిద్రపుచ్చిన బొమ్మ

మూడోది జోలపాట. పొలం గట్టున చెట్టుకు పాత చీరతో ఉయ్యాల కట్టి, కలుపు తీస్తూ మధ్య మధ్యలో వచ్చి ఊపుతూ పాడేది. దీన్ని మా బడి పిల్లలు 12 మంది కలిసి చేశారు. కంప్యూటర్ లేదు. ఒక ఫోను, దాన్ని కదలకుండా పట్టుకోవడానికి ఇటుకల మీద పెట్టిన వెదురు చట్రం, కింద ఎర్రమట్టి అలికిన చెక్క. బొమ్మలన్నీ పొయ్యి బొగ్గుతో, ముగ్గుపిండితో, ఎండుటాకులతో, ఇప్ప గింజలతో, చింత గింజలతో చేసినవే. ఒక గింజను కొంచెం జరపడం, ఫోటో తీయడం, మళ్ళీ జరపడం, మళ్ళీ తీయడం. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు తిరుగుతాయి. యానిమేషన్ గీసేవాళ్ళు చాలాసార్లు 12 బొమ్మలతో సరిపెడతారు. మా పిల్లలు 6తో సరిపెట్టారు. రెండు నిమిషాలకు 720 ఫోటోలు. ఈ గుణకారం వాళ్ళే వేసుకున్నారు. మూడు వారాల పాటు రోజూ ఆఖరి పీరియడ్‌లో తీశారు.

బొమ్మ నున్నగా కదలదు, ఎగిరెగిరి పడుతుంది. ఒకచోట ఎవరిదో వేలు కూడా కనిపిస్తుంది. అయినా మూడింటిలో పాటకు దగ్గరగా ఉన్నది ఇదే. కారణాలు వెతికితే మూడు దొరికాయి.

ఒకటి, ఇందులో అమ్మ గొంతే ఉంది. మొదటి రెండు పాటలనూ వేరే గాయని చేత పాడించారు. ఆమె గొంతు తియ్యగా ఉంది, శ్రుతి తప్పదు. కానీ మా గొమ్ము కోయలో గొంతు దగ్గర చటుక్కున ఆగి పలికే ధ్వని ఒకటి ఉంది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. కాగితం చూసి పాడే గాయనికి ఆ ఆగడం కనిపించదు. ఆగకుండా సాగదీసి పాడితే వినడానికి తెలుగు పాటలా ఉంటుంది. మా పెద్దమ్మ ఆ పాట విని "ఎవరి పిల్ల పాడుతోంది?" అని అడిగింది. పరాయి పిల్ల అని ఆమెకు వెంటనే తెలిసిపోయింది. బడి పిల్లల బొమ్మలో అమ్మ గొంతు విన్నప్పుడు ఏమీ అడగలేదు, పక్కకు జరిగి ఫోను దగ్గరగా తీసుకుంది.

రెండు, పాట వెనుక ఉన్న చప్పుళ్ళను తీసేయలేదు. స్టూడియో వాళ్ళు వాటిని శబ్ద కాలుష్యం అన్నారు. పిల్లలకు అవి బొమ్మల సరుకయ్యాయి. కోడి కూసిన చోట చింత గింజల కోడి వచ్చి పోతుంది. అమ్మ పాట ఆపి మేకను అదిలించిన చోట ఆకుల మేక పరుగెత్తుతుంది. చూసే పిల్లలంతా అక్కడ నవ్వుతారు. అమ్మ పాడుతూనే పని చేసిందని, పని చేస్తూనే పిల్లను చూసుకుందని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

మూడు, తొందర లేదు. ఉయ్యాల అటు పోతుంది, ఇటు వస్తుంది. చాలాసేపు అంతే. ఇంత నెమ్మదిగా ఉంటే పిల్లలు చూడరని ఒక మాట ఎప్పుడూ వినిపిస్తూ ఉంటుంది. అంగన్‌వాడీలో వేసి చూపిస్తే ఒక చిన్నవాడు మధ్యలోనే నిద్రపోయాడు. జోలపాటకు అంతకంటే కావలసిందేముంది?

ఈ సందర్భంలో ఒక పాత ఉదాహరణ గుర్తు చేసుకోవాలి. దూరదర్శన్ రోజుల్లో పెరిగిన మా వయసు టీచర్లకు ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ తెలుసు. విజయ ములే రూపొందించిన ఆ చిన్న చిత్రం 1974లో వచ్చింది. అందులో బొమ్మలు చాలా సాదా గీతలు. అయినా హిందీ రాని పిల్లలం కూడా ఆ పాట నోటికి పట్టుకున్నాం. గీత సాదాగా ఉన్నా పాట చెప్పే ప్రతి మాటా తెర మీద జరుగుతుంది కాబట్టి పట్టుకున్నాం. కావలసింది ఖరీదైన బొమ్మ కాదని చెప్పడానికి ఇది చాలు. అలాగని పట్నం స్టూడియోలు మనకు పనికిరావనీ కాదు. మధ్య భారత ఆదివాసుల ఐదు కథలతో 2006లో ‘ది టాలెస్ట్ స్టోరీ కాంపిటీషన్’ అనే యానిమేషన్ వచ్చింది. బయటివాళ్ళు పూనుకున్న పనే అయినా ఆదివాసీ చిత్రకళను ఆధారం చేసుకుని చేశారు. బయటి నైపుణ్యం, లోపలి చూపు కలిస్తే పని జరుగుతుంది. లోపలి చూపు లేకుండా నైపుణ్యం ఒక్కటే వస్తే ఎలుగు నవ్వుతుంది.

పేరు ఎక్కడ పోయింది?

మొదటి రెండు బొమ్మల చివర "కోయ జానపదం" అని వస్తుంది. కింద గీసినవాళ్ళ పేర్లు, సంగీతం చేసినవాళ్ళ పేర్లు, పాడిన గాయని పేరు వరసగా వస్తాయి. పాట కట్టిన మనిషి పేరు లేదు. జానపదం అనే మాట చాలా పెద్దది, చాలా మంచిది. కానీ ఒక్కోసారి అది ఒక మనిషిని కప్పేసే దుప్పటి అవుతుంది. తునికాకు పాట ఊరుమ్మడి పాట కాదు. ఒక ఆడమనిషి, తన పిల్లలకు లెక్క తప్పుతోందని, ఒక వేసవిలో కూర్చుని కట్టిన పాట. ఊరు తర్వాత పాడుకుంది.

దీనికి చట్టం కూడా ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఒకరు కట్టిన పాట మీద హక్కు వాళ్ళు చనిపోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. అది వారసులకు వస్తుంది. పాడిన గొంతుకు వేరే హక్కు ఉంది, అది 50 ఏళ్ళు. చదువురాని మనిషి నోటితో కట్టిన పాట అయినా ఒకసారి రికార్డు అయ్యాక, రాసి పెట్టాక, అది ఆమె పాట అని చూపించుకోవచ్చు. అందరూ పాడుకునే పాత పాటలకు అలా ఒక మనిషి యజమాని ఉండరు. అవి ఊరివి. అప్పుడు ఊరి పేరైనా రావాలి. ఎవరి పాట, ఎవరి దగ్గర నేర్చుకున్నది, ఏ ఊరు అన్న మూడు ముక్కలు ప్రతి పాట చివర రావాలని స్టూడియోకు రాశాం. ఈ వ్యాసంలో అమ్మ పేరు రాయకపోవడానికి కారణమూ అదే. ఆ పేరు ముందుగా రావలసిన చోటు ఆమె పాట చివర.

మేము డబ్బు కోసం ఈ మాట అనడం లేదు. బడిలో పాఠ్యపుస్తకం తెరిస్తే ప్రతి గేయం కింద ఒక పేరు ఉంటుంది. ఆ పేర్లలో తమ అవ్వలాంటి మనిషి పేరు కూడా ఉండగలదని మన పిల్లలకు తెలియాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యలో కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అని 8 భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంత వరకు అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంటోంది. కాగితం మీద దారి ఉంది. ఆ దారిలో నడిపించడానికి సరుకు కావాలి. ఆ సరుకు మన ఇళ్ళలోనే, మన ఫోన్లలోనే ఉంది.

చేయబోయేవాళ్ళకు

ఈ మూడు బొమ్మలు చూసిన అనుభవంతో, తమ ఇంటి పాటలకు బొమ్మలు చేయాలనుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, తోటి టీచర్లకు కొన్ని మాటలు చెప్పాలనుంది.

బొమ్మ గురించి ఆలోచించే ముందు, ఈ పాట ఏం పని చేస్తుంది అని అడగండి. నిద్రపుచ్చుతుందా, లెక్క నేర్పుతుందా, భయం పోగొడుతుందా, ఆటలో ఎవరు దొంగో తేలుస్తుందా? బొమ్మ కూడా అదే పని చేయాలి. పాట పాడే వేళ ఏదో కనుక్కోండి. చీకటి పాటకు చీకటి, వాన పాటకు వాన ఉండాలి. పువ్వు, ఆకు, బుట్ట, రోలు గీసే ముందు ఒకసారి చేత్తో పట్టుకోండి. మీది కాని తెగ బొమ్మను మీ గోడ మీద అతికించకండి. మీ ఇంటి ముగ్గు, మీ పడిగె, మీ బుట్ట అల్లిక ఉన్నాయి, వాటి నుంచి గీత తీసుకోండి.

పెద్దవాళ్ళ గొంతు దొరికితే అదే వాడండి. చప్పుళ్ళు ఉంటే ఉండనివ్వండి. చరణాలు కోయకండి. తెలుగు మాటలు కింద వేయాలనుకుంటే వేయండి, కానీ పాటను తెలుగులోకి మార్చి పాడించకండి. 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా చెప్పినవాళ్ళు సుమారు 4 లక్షల మంది. వాళ్ళ పిల్లలకు తెలుగు పాటల బొమ్మలు ఫోన్లో కావలసినన్ని ఉన్నాయి. కోయ పాట బొమ్మలే లేవు.

అసలు రికార్డింగును ఒక్క ఫోన్లోనే ఉంచకండి. ఫోను నీళ్ళలో పడుతుంది, పాడవుతుంది, అమ్ముడుపోతుంది. కనీసం రెండు మూడు చోట్ల పెట్టండి. పాటతో పాటు ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ నెల, ఏ పని చేస్తూ పాడారు అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి.

ఒక్క విషయం మాత్రం బొమ్మ చేయలేదు. అమ్మ ఇప్పపువ్వు పాటను ఏ రెండు రోజులూ ఒకేలా పాడేది కాదు. వెంట ఏ పిల్ల ఉంటే ఆ పిల్ల పేరు అందులోకి వచ్చేది. బొమ్మలో పాట ఒకే తీరున ఆగిపోతుంది. ఎన్నిసార్లు చూసినా అదే పిల్ల, అదే బుట్ట. ఆ ఆగిపోయిన పాటను మళ్ళీ కదిలించాల్సింది చూసే పిల్లలే. అందుకే బడిలో బొమ్మ చూపించాక ఫోను పక్కన పెట్టి, తమ పేర్లు చేర్చి పాడమంటున్నాం. తునికాకు పాటకైతే ఎవరి ఊరి పది చోట్లు వాళ్ళు చెప్పాలి. కాలనీ నుంచి వచ్చే పిల్లలు అందులో వాటర్ ట్యాంకును, బస్సు ఆగే చోటును కూడా చేర్చారు. అక్కడ తునికాకు దొరకదని పక్కవాళ్ళు నవ్వారు. అయినా పది చోట్లు లెక్కకు వచ్చాయి, కట్టకు యాభై ఆకులు నిండాయి.